టెలివిజన్ నాటకము: చూపుటయు, చూడ రమ్మనుటయు

రేడియో నాటకమునకు అలవాటుపడిన శ్రోతకు తలుపు కిర్రుమన్న చప్పుడొకటి చాలును. ఆ తలుపు ఏ రంగుదో, దాని వెనుక వాకిలి ఎంత వెడల్పో, గడపకు పసుపు రాసియున్నదో లేదో, అదంతయు శ్రోతయే తన మనస్సులో కట్టుకొనును. టెలివిజన్ నాటకమునకు ఆ సౌకర్యము లేదు. తలుపు చూపవలెను. అది ఎవరి యింటి తలుపో చూచువానికి తెలియవలెను. దానిని తెరచిన పాత్ర గది వెలుపల నుండి తీసిన షాటులో కుడిచేతితో తెరచినయెడల, వారము దినముల తరువాత గది లోపలి నుండి తీయు షాటులోను కుడిచేతితోనే తెరవవలెను. శ్రోత యూహకు వదలిన పనులన్నియు ఇచ్చట ఎవరో ఒకరు పూనుకొని చేయవలసినవే.

మాధ్యమములను పాఠ్యవిషయముగా చదువు విద్యార్థులకు, చదువు ముగియులోపల ఒక చిన్న టెలివిజన్ నాటకమును తామే వ్రాసి, తీసి, కూర్చి, పదిమందికి చూపు పని సాధారణముగా ఒప్పగింపబడును. ఇందు రెండు భాగములున్నవి. మొదటిది నాటకమును చిత్రించుట. రెండవది ఆ నాటకమున్నదని లోకమునకు తెలుపుట. అనగా ప్రోమో కూర్చుట, పోస్టరు వేయుట, నాలుగు వాక్యములలో కథను పరిచయము చేయుట. ఈ రెండవ దానిని విద్యార్థులలో చాలమంది చివరివారము పనిగా భావింతురు. పెండ్లి జరిగిన మరునాడు శుభలేఖలు అచ్చువేయించువారిని మనమెచ్చటను చూడము. నాటకముల విషయమున మాత్రము అట్టివారు ప్రతి తరగతిలోను ఉందురు. చూపుటయు, చూడ రమ్మనుటయు ఒకే నిర్ణయము నుండి పుట్టునని మా యభిప్రాయము. అది ఎట్లో చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

మొదట కొంచెము చరిత్ర. 1928 సెప్టెంబరులో అమెరికాలోని షెనెక్టడీ పట్టణము నుండి ‘ది క్వీన్స్ మెసెంజర్’ అను చిన్న నాటకమును టెలివిజన్ ద్వారా ప్రసారము చేసిరి. కెమేరాలు మూడు. రెండు కెమేరాలు ఇద్దరు నటుల ముఖములను మాత్రమే చూపెను. మూడవది చేతులను, చేతులలోని వస్తువులను చూపెను. ఆ చేతులు ఆ నటులవి కావు; వేరొక యిద్దరివి! నాటి తెర అరచేతిలో ఇమిడిపోవునంత చిన్నది గనుక మనుష్యుని మొత్తముగా చూపుట సాధ్యము కాలేదు. ఇంగ్లండులో బి.బి.సి. వారు 1930 జూలైలో బెయిర్డు యంత్రముతో పిరాండెల్లో నాటకమునొకదానిని ప్రసారము చేసిరి. అటుపిమ్మట చాలకాలము టెలివిజన్ నాటకమనగా కెమేరాల యెదుట అప్పటికప్పుడు ఆడినదే. 1954 డిసెంబరులో బి.బి.సి. వారు ఆర్వెల్ నవల ‘1984’ను ఆదివారమునాడు నాటకముగా ప్రసారము చేసి, మరల గురువారము నాడు చూపవలసి వచ్చినప్పుడు నటులందరిని పిలిపించి మొదటినుండి మరల ఆడించిరి. వీడియో టేపు 1956లో గాని రాలేదు. ఈ చరిత్రను విద్యార్థులకు చెప్పుట కాలక్షేపమునకు కాదు. ముఖము, చేయి, వస్తువు అను మూడింటితోనే నాటకము నడచినదని, నేటి పెద్ద తెరమీదను ఆ మూడే ప్రధానమని వారు గ్రహించుటకు.

మన దేశములో ఈ విద్యకు ప్రత్యేకముగా పాఠశాల ఏర్పడుట చిత్రముగా జరిగినది. పూనాలో ప్రభాత్ కంపెనీ వారి స్టూడియో యుండిన స్థలములో 1960లో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటు వెలసెను. టెలివిజన్ శిక్షణము మాత్రము ఢిల్లీలో వేరుగా జరుగుచుండెను. 1974లో ఆ విభాగమును పూనాకు తరలించిరి. ఆ సంస్థ పేరు ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా అయినది. సినిమా విద్యార్థికి మూడేండ్లు, టెలివిజన్ విద్యార్థికి ఒక్క యేడాది ఉండెను. దర్శకత్వము, కెమేరా, ఎడిటింగు, శబ్దగ్రహణము అను నాలుగు శాఖలవారు ఆ యేడాదిలో ఒకరితో నొకరు కలిసి పని చేయుట నేర్చుకొనవలసియుండెను. సినిమా కొరకు చదివినవారు టెలివిజన్‌కు వచ్చి రాణించిన సందర్భములును కలవు. 1986లో దూరదర్శన్‌లో వచ్చిన ‘నుక్కడ్’ను తీసిన కుందన్ షా, సయీద్ మీర్జా ఇరువురును ఆ సంస్థలో చదివినవారే. ఒక వీధి మూల, టీ దుకాణము, ఆ చుట్టుప్రక్కల బ్రదుకు చిన్నచిన్న మనుష్యులు: ఇంతటితోనే వారు వారము వారము జనులను తెర ముందర కూర్చుండబెట్టిరి.

ఇక పనిలోనికి దిగుదము. అభ్యాసముగా ఒక చిన్న ఘట్టమును తీసికొందము. పట్టణములో ఉద్యోగము చేయుచున్న కొడుకు ముందు చెప్పకుండ ఇంటికి వచ్చినాడు. ఉద్యోగము పోయినది. తల్లితో చెప్పుటకు నోరు రాక సెలవు పెట్టితినని అబద్ధమాడును. తల్లికి సంగతి యంతకుముందే తెలియును. కంపెనీ వారు పంపిన ఉత్తరము ముందుగా ఇల్లు చేరినది. ఆమె దానిని గోడ క్యాలెండరు వెనుక దాచినది. అన్నము వడ్డించుచున్నది. కథ ఇంతే. మాటలు నాలుగు.

“ఏరా, చెప్పాపెట్టకుండా వచ్చావే?”

“నాలుగు రోజులు సెలవు పెట్టానమ్మా.”

“మంచిపని చేశావు. చేతులు కడుక్కుని రా నాన్నా.”

“ఆకలేస్తోందమ్మా.”

ఇచ్చట ఒక మాట. విద్యార్థులు వ్రాయు సంభాషణలలో సగము పుస్తకపు భాష యుండును. ఈ వ్యాసము నడచుచున్న భాషలో ఆ తల్లి మాటాడినయెడల చూచువారు నవ్వుకొందురు. వ్రాసిన మాటలను వ్రాసినవాడే నోటితో పైకి చదివి వినవలెను. నాలుక ఎచ్చట తడబడునో అచ్చట కొట్టివేయవలెను. రేడియోలో మొదటినుండి పాటించిన నియమమే యిది. తెర వచ్చినంతమాత్రమున మారలేదు.

ఈ నాలుగు మాటల ఘట్టమును చిత్రించుటకు ఒక పూట పట్టునన్నచో క్రొత్తవారు నమ్మరు. వరుస ధారావాహికలు తీయు స్టూడియోలలో రెండు మూడు కెమేరాలను ఒకేమారు నడపి త్వరగా ముగింతురు. విద్యార్థుల యొద్ద తరచుగా ఒకే కెమేరా యుండును. గనుక అదే ఘట్టమును పలుమారులు ఆడించి, ప్రతిమారును వేరొక చోటినుండి తీయవలెను. మొదట గది యంతయు కనబడునట్లు ఘట్టమును ఆద్యంతము తీయుదురు. దీనిని మాస్టరు షాటందురు. తరువాత కొడుకు భుజము మీదుగా తల్లి, తల్లి భుజము మీదుగా కొడుకు. అటుపిమ్మట ముఖముల క్లోజప్పులు. చివరకు వస్తువులు: కంచము, గరిటె, క్యాలెండరు. తల్లికిని కొడుకునకును నడుమ నేలమీద ఒక గీత గీచినట్లు ఊహించి, కెమేరా ఎప్పుడును ఆ గీతకు ఒకే ప్రక్కన నుండవలెను. గీత దాటినచో ఇద్దరును ఒకే దిక్కు చూచుచున్నట్లు కనబడుదురు; ఎదురెదురుగా కూర్చున్నవారు ఒకరి వీపు నొకరు చూచుచు మాటాడుచున్నట్లగును. చూచువానికి ఈ సూత్రము తెలియదు. కాని ఏదియో తప్పినదని మాత్రము వెంటనే తెలియును.

మాస్టరు షాటులో తల్లి “చేతులు కడుక్కుని రా” అనునప్పుడు గరిటె ఏ చేతిలో నున్నది? కంచములో పప్పు పడినదా, ఇంకను పడలేదా? కొడుకు చొక్కా పై గుండీ పెట్టియున్నదా? ఇవన్నియు వ్రాసిపెట్టుకొను మనిషి యొకడుండవలెను. ఆ పనిని కంటిన్యుటీ యందురు. తరగతిలో ఎవరు ఏ పని చేయుదురని యడిగినచో పదిమందిలో ఎనమండ్రు దర్శకులగుదురు, ఒకడు కెమేరా పట్టుదుననును, మిగిలినవానికి శబ్దము అంటగట్టుదురు, కంటిన్యుటీకి ఎవరును ఉండరు. నాటకము బాగుగా వచ్చిన బృందములలో మాత్రము కంటిన్యుటీ పుస్తకము పట్టినది తరచుగా ఆ తరగతిలో మిక్కిలి చురుకైన విద్యార్థినియే. ఆమెకు పేరు రాదు. ఆమె లేనిచో నాటకమునకు పేరు రాదు.

శబ్దము సంగతి రేడియో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అయినను ఒకటి. ప్రతి గదికిని తనదైన నిశ్శబ్దము కలదు. ఫ్రిజ్ హోరు, ప్రక్కవీధి స్కూటరు, పైకప్పు ఫ్యాను అన్నియు కలిసి అందులోనుండును. షూటింగుకు ముందు ఫ్యానును ఫ్రిజ్‌ను ఆపవలెను. ముగిసిన పిదప అందరును కదలక నిలువగా ఒక నిమిషము సేపు ఆ గది నిశ్శబ్దమును రికార్డు చేయవలెను. ఎడిటింగులో ఒక షాటునకు మరియొక షాటునకు నడుమ దానిని పరచినగాని అతుకులు మాయవు. మంచి బొమ్మ మీద చెడ్డ శబ్దము వచ్చినచో చూచువాడు నాటకమును మానివేయును. ఓ మోస్తరు బొమ్మకు మంచి శబ్దము తోడైనచో చివరివరకును కూర్చుండును. ఇది మేము రేడియో పక్షమున చెప్పుట లేదు. ఏ ఎడిటరు నడిగినను ఇదే చెప్పును.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఉత్తరము సంగతిని చూచువానికి ఎప్పుడు చెప్పవలెను? కొడుకు రాకముందే తల్లి ఉత్తరమును దాచుట చూపినచో, భోజనము జరుగుచున్నంతసేపును చూచువాడు తల్లి ప్రక్క నుండును. ఆమె ఎప్పుడు అడుగునా యని ఊపిరి బిగబట్టును. అట్లుగాక భోజనమైన తరువాత, కొడుకు నిద్రించుచుండగా తల్లి క్యాలెండరు వెనుక నుండి ఉత్తరము తీసినచో, చూచువాడు అంతవరకు జరిగినదంతయు మరల నెమరువేసికొనును. మొదటి పద్ధతిలో ఉత్కంఠ హెచ్చు, రెండవదానిలో ఆశ్చర్యము హెచ్చు. ఏది మేలని చెప్పుటకు వీలులేదు. ఏదో యొకటి షూటింగుకు ముందే నిశ్చయించుకొనవలెను. ఏలనన తల్లి పాత్ర ధరించినామె ముఖమును ఏ షాటులో ఎంత దగ్గరగా చూపవలెనో దానిని బట్టియే యుండును.

ప్రోమో కూర్చువాడు కూర్చున్నప్పుడు అతని యెదుట నిలుచు ప్రశ్నయు సరిగా ఇదే. ముప్పది సెకనులు. మన టెలివిజన్ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు గనుక మొత్తము 750 బొమ్మలు. అందులో ఎంత చెప్పవలెను, ఎంత దాచవలెను? రెండవ పద్ధతిని ఎన్నుకొన్న బృందము ప్రోమోలో ఉత్తరమును చూపినచో తన నాటకమును తానే చంపుకొన్నట్లు. ఈ పొరపాటు తరచుగా జరుగును, ఏలనన ఉత్తరపు షాటు అందముగా వచ్చియుండును, దానిని వదలుటకు చేతులు రావు. ఇంకొక పొరపాటు ఇంతకంటె చెడ్డది. తల్లి ముఖమునకు ఉరుము చప్పుడు తగిలించి, ఉత్తరమును రెప్పపాటు చూపి, ఎవరో మరణించిరేమో యను భ్రమ కలుగునట్లు కూర్చుట. నేటి ధారావాహికల ప్రోమోలలో ఒకే ముఖమును మూడుమారులు మూడు దిక్కుల నుండి చూపుచు మూడు పిడుగులు పడవేయుట మనమెరిగినదే. అది చూచి వచ్చినవాడు మరణము కొరకు వేచియుండును. అన్నము వడ్డించుటయు, అబద్ధమును ఓర్చుకొనుటయు అతని కంటికి ఆనవు. ప్రోమో యనునది మాట ఇచ్చుట. ఇచ్చిన మాటకును పెట్టిన విందునకును పొంతన లేనిచో, విందు ఎంత రుచిగా నున్నను అతిథి అలిగి పోవును.

మరి ఆ ముప్పది సెకనులలో ఏమి యుండవలెను? కొడుకు “నాలుగు రోజులు సెలవు పెట్టానమ్మా” అనును. తల్లి చేతిలో గరిటె కంచము మీద ఒక్క క్షణము ఆగును. మరల కదలును. ఆ పైన నాటకము పేరు, ప్రసార సమయము. గరిటె ఎందుకాగినది? ఈ ప్రశ్నయే చూచువానిని పిలుచును. దీనికి సమాధానమును నాటకమే ఇచ్చును. మోసము లేదు, గుట్టును బయటపడలేదు. అయితే గరిటె ఆగిన షాటు ఎడిటరు వద్ద ఉన్నగదా! షూటింగునాడు తీయని షాటు ప్రోమోనాడు ఎక్కడనుండి వచ్చును? కంచము కడిగివేసిరి, ఇంటివారికి ఇల్లు అప్పగించిరి, తల్లి వేషము వేసినామె ఊరికి వెళ్లినది. ఈ కారణము చేతనే ప్రోమో బాధ్యత వహించువాడు షూటింగు ప్రణాళిక వ్రాయునాడే కూర్చుండవలెనని మేమనుచున్నాము. పోస్టరు కొరకు నిలుకడ ఫోటోలు తీయుటకును ఆనాడే అర్ధగంట కేటాయించవలెను. నడుచుచున్న వీడియోనుండి పట్టుకొన్న బొమ్మ పోస్టరునకు పెంచినచో తరచుగా మసకబారును. నేడు ప్రోమోలను చాలమంది ఫోనును నిలువుగా పట్టుకొని చూతురు. అడ్డముగా తీసిన షాటును నిలువుగా కోయునప్పుడు తల్లి యుండును, కొడుకు పోవును. ఇద్దరును నిలువు చట్రములో ఇముడు షాటునొకదానిని వేరుగా తీసికొనుట మంచిది.

పిలుపు పని క్రొత్తది కాదు. 1923లో ఇంగ్లండు పత్రికల వారు, ప్రకటనలకు వలె సొమ్ము చెల్లించినగాని రేడియో కార్యక్రమముల పట్టికను ప్రచురింపమని బెదిరింపగా, బి.బి.సి. అధికారి రీత్ ఆ సెప్టెంబరులో ‘రేడియో టైమ్స్’ అను సొంత పత్రికనే పెట్టించెను. ఇట్టి కార్యక్రమ పత్రికలన్నిటికి అది పెద్దక్క. అందులో ఒక్కొక్క నాటకమునకు దొరకునది రెండు మూడు పంక్తులే. ఆ రెండు పంక్తులు వ్రాయుట ముప్పది సెకనుల ప్రోమోకంటె కష్టము. మా ఘట్టమును గూర్చి విద్యార్థులు “మానవ సంబంధముల లోతులను స్పృశించు హృద్యమైన కుటుంబ కథ” అని వ్రాయుదురు. దీనిని చదివి టెలివిజన్ పెట్టినవానిని మేము చూడలేదు. “సెలవు పెట్టి వచ్చితినని కొడుకు చెప్పును. తల్లి నమ్మినట్లే వడ్డించును.” ఇది చాలును.

ఎవరిని పిలుచుచున్నామో తెలిసి పిలువవలెను. 1975 ఆగష్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు చేరెను. అందు ఆంధ్రప్రదేశ్ పల్లెలును ఉండెను. ఊరంతటికి ఒకే పెట్టె, దాని ముందర ఊరంతయు. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము పని ప్రారంభించిన పిదప పట్టణములలో ఇంటికొక పెట్టె, ప్రక్కింటి పిల్లలతో సహా. నేడు మనిషికొక తెర. తల్లి వడ్డించు ఘట్టమును పదిమందితో కలిసి చూచువాడు వేరు, బస్సులో చెవులకు తీగలు తగిలించుకొని చూచువాడు వేరు.

ఈ విషయములో మనకు గొప్ప పాఠము ‘హమ్ లోగ్’. 1984 జూలై 7న దూరదర్శన్‌లో ప్రారంభమై మరుసటి యేడు డిసెంబరు వరకు నడచిన ఈ ధారావాహికకు ప్రేరణ మెక్సికో దేశపు మిగేల్ సబీదో తీసిన, సాంఘిక బోధ కలిసిన నాటకముల నుండి వచ్చినది. రచయిత మనోహర్ శ్యామ్ జోషి, దర్శకుడు పి. కుమార్ వాసుదేవ్. మొదటి భాగములలో కుటుంబ నియంత్రణ బోధ మితిమీరినది. జనులు ముఖము తిప్పుకొనిరి. అంతట బోధ తగ్గించి కథకు, ఆ యింటి మనుష్యులకు చోటిచ్చిరి. జనులు మరలివచ్చిరి. ప్రతి భాగము చివరను అశోక్ కుమార్ వచ్చి, జరిగినదానిని గూర్చి నాలుగు మాటలు చెప్పి, చూచువారినే ప్రశ్న యడుగుచుండెను; ‘హమ్ లోగ్’ అను మాటను వేరువేరు భారతీయ భాషలలో పలికి సెలవు తీసికొనుచుండెను. ఇది నాటకములో భాగమా, ప్రచారమా? రెండునూ. రేపటికి పిలుపు నేటి భాగములోనే యుండెను. దూరదర్శన్‌కును నటులకును లక్షల ఉత్తరములు వచ్చెను. ఆ ధారావాహికకు ధనమిచ్చి పోషించిన కంపెనీ నూడిల్సు కూడ అప్పుడే మన దేశపు వంటయింట ప్రవేశించెను. ఆ సంగతిని ప్రచార విద్యార్థులు మరచిపోరు; బోధను తగ్గించిన సంగతిని మాత్రము మరచిపోవుదురు. మొదట పాడైనది ప్రచారము కాదు, నాటకము. దానిని దిద్దినగాని పిలుపు ఫలింపలేదు.

హక్కుల విషయము సంక్షేపముగా. ప్రోమో వెనుక ప్రసిద్ధమైన సినిమా పాటను పెట్టుట విద్యార్థులకు అలవాటు. తరగతిలో చెల్లినను బయట చెల్లదు. 1957 నాటి కాపీరైటు చట్టము పాటకును సంగీతమునకును రికార్డునకును వేర్వేరు హక్కుదారులను గుర్తించును. తరగతిలో వీణయో హార్మోనియమో వాయించువారెవరైన ఉందురు. వారి నడుగుట చవక. ఇల్లు ఇచ్చినవారి యొద్దను, నటించినవారి యొద్దను సమ్మతిని కాగితముపై వ్రాయించుకొనవలెను. పోస్టరు మీద తన ముఖము వచ్చునని తల్లి వేషము వేసిన ప్రక్కింటి పిన్నిగారికి ముందే చెప్పవలెను.

ప్రోమో సిద్ధమైన తరువాత చేయదగిన పరీక్ష యొకటి కలదు. నాటకమును గూర్చి ఏమియు తెలియని ఇద్దరు ముగ్గురిని, సాధ్యమైనచో ఆ తరగతికి చెందనివారిని, పిలిచి ప్రోమోను ఒక్కమారు చూపవలెను. నాటకములో ఏమి జరుగునని తలచుచున్నారో కాగితముమీద వ్రాయుమనవలెను. ఆ కాగితములను మడచి ప్రక్కన పెట్టి, నాటకమును పూర్తిగా చూపి, ఏమి జరిగినదో మరియొక కాగితముమీద వ్రాయుమనవలెను. రెండు కాగితములను బల్లమీద పరచి, బృందమంతయు చుట్టును కూర్చుండి చదువుదురు. మొదటిదానిలో “ఎవరో చనిపోతారు” అనియు రెండవదానిలో “అమ్మకి అంతా తెలుసు” అనియు ఉన్నచో, ఎడిటరు కంప్యూటరును మరల తెరచును. ఉరుము చప్పుడును మొదట తీసివేయును.